తిత్తి సుంకన్న మూడు మర్యాదలు

ఊ కొడతామంటేనే చెప్తా. మధ్యలో కునుకు తీశారో, అక్కడికక్కడే ఆపేస్తా. తర్వాత బతిమాలినా చెప్పను. కొడతారా? సరే, వినండి.

వెనకటెప్పుడో, మన తాతల తాతలకు ఇంకా పేర్లు కూడా పెట్టని కాలంలో, రాళ్లదిన్నె అని ఒక కోట ఉండేది. ఆ కోటకు ఒక రాజు. ఆ రాజుకు ఒక సైన్యం. ఆ సైన్యంలో కత్తి పట్టేవాళ్లు, ఈటె పట్టేవాళ్లు, గుర్రమెక్కేవాళ్లు. వీళ్లందరి వెనకాల, వీపు మీద తోలుతిత్తి నిండా నీళ్లు మోసుకుంటూ ఒక మనిషి. అతని పేరు సుంకన్న.

ఎండలో సుంకన్న కనపడ్డాడంటే చాలు, "ఇటు రా సుంకన్నా, ఇటు రా" అని పది గొంతులు లేచేవి. తాగేశాక ఒక్క గొంతూ వినపడేది కాదు. దప్పిక తీరాక నీళ్లు తెచ్చినవాడు ఎవరికి గుర్తుంటాడు? మీకు గుర్తుంటాడా? అబద్ధాలాడకండి.

ఆ కోటలో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా గొప్ప పని చేస్తే రాజు అక్కడే "ఇతనికి ఫలానా మర్యాద" అని చెప్పేవాడు. చెప్పగానే ఆ మనిషి తన ఆయుధాన్ని మూడుసార్లు నేలకు కొట్టాలి. ధన్, ధన్, ధన్. ఆ చప్పుడు విన్నాకే కోట కరణం గంటం తీసి తాటాకు మీద రాసేవాడు. ఆ తాటాకుల కట్టను కవిలె అనేవాళ్లు. కవిలెలో పడితేనే ఆ మర్యాద చేతికొచ్చేది. ఏటా ఆయుధపూజ నాడు ప్రతి సిపాయి పేరూ, అతని మర్యాదలూ అందరి ముందూ చదివేవాళ్లు. పెళ్లాంపిల్లలు వినేవాళ్లు, పక్కింటివాళ్లు వినేవాళ్లు, గిట్టనివాళ్లు కూడా వినేవాళ్లు. అసలు సంబరం అదే కదా.

మరి సుంకన్న చేతిలో ఆయుధం ఏదీ?

మొదటిసారి, శత్రువులు కోటను చుట్టేసి బావి దారి మూసేసినప్పుడు, బాణాల కింద పాకుతూ ఏడు తిత్తుల నీళ్లు తెచ్చాడు. రాజు చూసి "సుంకన్నకు వెండి కడియం" అన్నాడు. కరణం సింగరాజు గంటం పట్టుకుని చప్పుడు కోసం చూశాడు. సుంకన్న తిత్తి సర్దుకుని, "అవతల జనం నాలుకలు పిడచకట్టుకుపోతున్నాయి దొరా" అని వెళ్లిపోయాడు. ఆకు మీద గీత పడలేదు.

రెండోసారి, గుర్రాల సాల అంటుకుంది. సుంకన్న నీళ్లు చిమ్ముకుంటూ ఆ పొగలోకి దూరి గుర్రాల పలుపులన్నీ కోసేసి, పొగకు తూలిపోతున్న రౌతును ఒకణ్ణి బయటికి లాక్కొచ్చాడు. రాజు "సుంకన్నకు పట్టు తలపాగా" అన్నాడు. సింగరాజు చప్పుడు కోసం చూశాడు. సుంకన్న ఖాళీ తిత్తి నింపుకోడానికి పరిగెత్తాడు. ఆకు మీద గీత పడలేదు.

మూడోసారి, పోరులో రాజే గుర్రం మీంచి పడ్డాడు. సుంకన్న ఆయన్ను ఒక బండ నీడకు ఈడ్చుకెళ్లి, తిత్తి అడుగున మిగిలిన నీళ్లను చుక్క చుక్కగా నోట్లో పోస్తూ పొద్దుగూకేదాకా ప్రాణం నిలబెట్టాడు. తను ఒక్క చుక్క తాగలేదు. రాజు కళ్లు తెరిచి "సుంకన్నకు బంగారు పతకం" అన్నాడు. ఆ మాట విన్నది ఇద్దరే. ఒకడు సుంకన్న, రెండోవాడు రాజును వెతుక్కుంటూ అప్పుడే వచ్చిన సింగరాజు. ఆయుధం మోగలేదు. ఆకు మీద గీత పడలేదు.

సింగరాజు చెడ్డవాడనుకునేరు. కాదు. నియమం అంటే నియమమే అనే మనిషి. అలాంటివాళ్లతోనే వచ్చింది చిక్కంతా.

ఏళ్లు గడిచాయి. రాజు పోయాడు. ఆయన కొడుకు గద్దెనెక్కాడు. సుంకన్న ముసలివాడై మంచం పట్టాడు. ఆయుధపూజ ఇంకో మూడు రోజులుందనగా భార్య ఓబులమ్మను దగ్గరికి పిలిచాడు.

"ఓబులమ్మా, ఏటా నా పేరు చదువుతారు. పేరు తర్వాత ఏమీ చదవరు. ఒక్కసారి ఆ మూడూ విని పోవాలనుందే" అన్నాడు.

"ఏ మూడు?" అంది ఓబులమ్మ. అప్పుడు చెప్పాడు ఆ మహానుభావుడు. కడియం సంగతీ, తలపాగా సంగతీ, పతకం సంగతీ.

ఓబులమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్లూ నోరు కుట్టుకుని కూర్చుని ఇప్పుడా చెప్పేది?"

"అప్పుడు పనుండింది" అన్నాడు సుంకన్న.

ఆ మాటకు ఆమెకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కొంగు బిగించి నేరుగా కరణం దగ్గరికి పోయింది.

సింగరాజు కవిలె విప్పి చూశాడు. "అప్పుడు చప్పుడు మోగలేదు కాబట్టి ఇప్పుడు ఒక్కో మర్యాదకు ఒక్కో సాక్షి కావాలమ్మా. కళ్లారా చూసి, చెవులారా విన్నవాళ్లు రాజు ముందు చెప్పాలి. ఈ పూజ దాటితే మళ్లీ ఏడాదికే."

"మళ్లీ ఏడాదికి వినడానికి ఆయన ఉండడయ్యా" అంది ఓబులమ్మ. సింగరాజు కవిలె కట్టేశాడు.

మొదటి రోజు ఆమె దళవాయి తిమ్మప్ప ఇంటికి వెళ్లింది. సైన్యాన్ని నడిపించిన మనిషి, మీసం మీద చెయ్యి తియ్యడు. "నీళ్లు మోసేవాడికి మర్యాదలేంటి?" అన్నాడు.

"ఇచ్చింది నేను కాదు దొరా, పెద్దరాజుగారు. ఆ ముట్టడి రోజు మీరెన్ని దోసిళ్లు తాగారో అది చెప్పండి చాలు."

తిమ్మప్ప చెయ్యి మీసం మీంచి దిగింది. "మూడు తాగాను. నాలుగోది అడిగితే కూడా పోశాడు" అన్నాడు. "వస్తాను పోమ్మా" అన్నాడు.

రెండో రోజు ఆమె రౌతు హనుమప్పను వెతుక్కుంటూ జొన్నచేలకడ్డంపడి నడిచింది. ఆ మంటల్లోంచి బయటపడ్డ రౌతు ఇతనే. వయసు మీదపడి ఇప్పుడు చూపు లేదు. సుంకన్న పేరు చెప్పగానే చేతికర్ర అందుకుని లేచాడు.

"ఎందుకో వినవా అన్నా?" అంది.

"సుంకన్న కోసమన్నావు కదా. ఇంకేం వినాలి? ఆ పొగలో నన్ను పట్టుకున్న చెయ్యి తడితడిగా ఉండింది తల్లీ. ఆ తడి ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉంటుంది. పద."

మూడో రోజు ఆమె మళ్లీ సింగరాజు అరుగు ముందే నిలబడింది. "మూడోది విన్నది మీరేనంట కదయ్యా."

సింగరాజు గొంతు తగ్గించాడు. "కరణం సాక్ష్యం చెప్పాడంటే, విని కూడా రాయలేదని ఒప్పుకున్నట్టే. చప్పుడు మోగలేదంటే ఎవరూ వినరు, గంటం వదిలెయ్యాలి. నాకు ఇది తప్ప వేరే పని రాదమ్మా."

ఓబులమ్మ తిట్టొచ్చు. తిట్టడానికి ఆమె దగ్గర మాటలు తక్కువేం లేవు. కానీ ఇంటి దగ్గర మంచం మీద ఉన్న మనిషి గుర్తొచ్చాడు. "మా ఆయన మిమ్మల్ని ఏనాడూ ఒక్క మాట అనలేదయ్యా. సింగరాజు రాత ముత్యాల్లా ఉంటుందనేవాడు" అని చెప్పి, వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఆయుధపూజ వచ్చింది. సుంకన్నను మంచంతో సహా కోట ముంగిట్లోకి మోసుకొచ్చారు. ఓబులమ్మ పక్కనే నిలబడింది. దళవాయి వచ్చి కడియం సంగతి చెప్పాడు. రౌతు వచ్చి తలపాగా సంగతి చెప్పాడు.

"మూడోదానికి సాక్షి ఎవరు?" అన్నాడు చిన్నరాజు.

ఓబులమ్మ కళ్లు మూసుకుంది. అప్పుడు సింగరాజు గంటం తీసి రాజు కాళ్ల దగ్గర పెట్టాడు.

"నేనే ప్రభూ. చూశాను, విన్నాను, రాయలేదు. ఆ రోజు మీ నాన్నగారి ప్రాణం ఆ రెండు చేతుల్లో ఉంది. నేను ఆ చేతుల్లో కత్తి ఉందా అని చూశాను."

చిన్నరాజు సుంకన్న వైపు తిరిగాడు. "నేను పుట్టింది ఆ పోరు అయిన మరుసటేడు" అన్నాడు. గద్దె దిగి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "గంటం తీసుకో సింగరాజూ. నీ చేత్తోనే రాయి."

సింగరాజు గంటం తీసుకున్నాడు. ఆకు మీద పెట్టబోయి ఆగాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, చెవులు చప్పుడు కోసం చూస్తున్నాయి. హనుమప్పకు ఆ ఆగడం అర్థమైంది. చేతికర్రను నేలకేసి కొట్టాడు. తిమ్మప్ప కత్తి మొన నేలకు కొట్టాడు. ఆపైన సుంకన్న నీళ్లు తాగినవాళ్లందరూ, వాళ్ల కొడుకులూ కొట్టారు. ధన్, ధన్, ధన్. ఆకు మీద గీత పడింది.

సుంకన్న, వెండి కడియం. సుంకన్న, పట్టు తలపాగా. సుంకన్న, బంగారు పతకం. సింగరాజు అందరికీ వినపడేలా చదివాడు. ఓబులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సుంకన్న ఆమె చెయ్యి పట్టుకుని, "నీ పుణ్యమే" అన్నాడు.

ఆ మధ్యాహ్నం బంతిభోజనాల్లో అతన్ని రాజు పక్కన కూర్చోబెట్టారు. విస్తళ్లు నిండాయి. బిందె ఎత్తుకుని ఒకతను నీళ్లు పోస్తూ వచ్చాడు. సుంకన్న చెంబు పక్కన పెట్టి, "నీ పేరేంటప్పా?" అని అడిగాడు.

ఆ మనిషి వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో అడుగుతున్నారనుకుని. "నన్నేనా?" అన్నాడు. "బుడ్డన్న అంటారు."

"ఈ నీళ్లు బుడ్డన్న తెచ్చాడు" అని సుంకన్న రాజుకు చెప్పాడు. రాజు, "బుడ్డన్నా, చల్లగా ఉండు" అని తాగాడు. బంతి బంతంతా అదే మాట అని తాగింది. బుడ్డన్న బిందె కింద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

పూజ అయిన తొమ్మిదో రోజున సుంకన్న కన్నుమూశాడు. కోటంతా కదిలి సాగనంపింది. ఆ తర్వాత రాజులు పోయారు, కోట కూలింది, కవిలెకు చెదలు పట్టింది.

కానీ ఆ పక్క ఊళ్లలో పెళ్లైనా, పేరంటమైనా, దినమైనా ఇప్పటికీ ఒకటే పద్ధతి. నీళ్లు పోసే మనిషి రాగానే బంతిలో పెద్దవాళ్లు పేరడుగుతారు. అడిగి, అందరూ కలిసి ఆ పేరు పలికి, చల్లగా ఉండమంటారు. కొందరు సిగ్గుపడి తల వంచుకుంటారు, తొందరగా చెప్పరు. వాళ్లు చెప్పేదాకా, ఎంత దప్పికైనా, ఎవరూ తాగరు.