దూలం లేని ఉయ్యాల

జోగారావుకి వచ్చిన కష్టం ఏమిటంటే, అతను పెట్టిన పద్ధతి చక్కగా నడుస్తోంది గాని గుట్ట మీద ఒక్క ఇల్లూ లేవడం లేదు.

ఏరు పొంగి మేదర వీధిని ఊడ్చుకుపోయాక, పరదేశి స్వామి తన ఆశ్రమం వెనక ఉన్న గుట్టని ఆ వీధివాళ్ళకి ఇచ్చేశాడు. "తలా ఒక గుడిసె వేసుకోండి" అని చెప్పి తన జపంలో తాను పడ్డాడు. మిగతాదంతా శిష్యుడు జోగారావు చూసుకున్నాడు. చూసుకోవడంలో తనని మించినవాడు లేడని అతనికి గట్టి నమ్మకం.

గుడిసెకి చోటు అడిగితే, అతను పెట్టిన ముగ్గురు పెద్దల్లో ముందు ఎర్రన్న వచ్చి, నూతికి ఎంత ఎడముందో చూడాలి. ఎర్రన్న సరే అన్నాక కనకాచారి వచ్చి, పొయ్యి ఎక్కడో, పక్క గుడిసె చూరు ఎక్కడో చూడాలి. ఆయన సరే అన్నాక సాంబయ్య వచ్చి, వాననీరు పోయే దారి చూడాలి. ముగ్గురి పనీ అయ్యాక జోగారావు వచ్చి, గుంజ పాతుకోమని చెప్పాలి. చెప్పకుండా పాతిన గుంజని పీకించేస్తాడు.

బుట్టలల్లే లచ్చన్న, అతని భార్య పైడమ్మ అందరికంటే ముందు అడిగారు. ఎర్రన్న చూశాడు. కనకాచారి చూశాడు. సాంబయ్య వచ్చి, నీరు పోవాలంటే గుడిసె రెండు మూరలు పక్కకి జరగాలన్నాడు. జరిగితే నూతికి దగ్గరవుతుంది. కాబట్టి మళ్ళీ ఎర్రన్న చూడాలి. ఎర్రన్న చూసేసరికి కనకాచారి పెళ్ళికని ఊరెళ్ళాడు. కనకాచారి తిరిగొచ్చి చూసేసరికి పైడమ్మ ఆశ్రమం పశువుల పాకలో ఆడపిల్లని కన్నది.

ఇవాళ ఆ పిల్లని ఉయ్యాల్లో వెయ్యాలి. పైడమ్మ పిల్లని పాత చీరలో చుట్టుకుని జోగారావు దగ్గరికి వచ్చింది.

"ఇంకెంత, బాబూ?"

"సాంబయ్య చూడాలమ్మా."

"సాంబయ్య బాబు సూసేసినారు గదా."

"అది పాత చోటు. ఇది కొత్త చోటు."

"రెండు మూరలే గదా, బాబూ."

"రెండు మూరలైనా కొత్తదే." జోగారావు దయగానే అన్నాడు. "అందాకా పాకలో ఉయ్యాల కట్టుకో. ఎవరు కాదన్నారు?"

"ఆవులు కూడా కాదన్నేదు బాబూ. నాకే మనసొప్పనేదు. దీని మొదటి ఊపు మా ఇంటి దూలానికే ఊగాలని..." మిగతాది పిల్ల చెవిలో చెప్పుకుంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ పోట్లాడి ఉంటే జోగారావు నెగ్గేవాడే. పోట్లాడకుండా వెళ్ళిపోవడంతో ఏం చెయ్యాలో తోచక గురువు దగ్గరికి వెళ్ళాడు.

"వీళ్ళకి ఓపిక లేదు స్వామీ. నేను పుట్టిన వీధి ఏమైందో తమకి తెలుసు. చూరుకి చూరు ఆనించి కట్టుకున్నారు. ఒక్క పొయ్యిలో రవ్వ లేస్తే వీధంతా బూడిదైంది. అప్పుడు అడిగేవాడు లేకపోబట్టే కదా."

"తెలుసు నాయనా. ఆ బూడిదలోంచే కదా నిన్ను ఎత్తుకొచ్చాను." స్వామి నవ్వాడు. "నువ్వు రాత్రంతా ఏడిచేవాడివి. నాకేమో జోలపాట రాదు. తిథులూ వారాలూ వరసగా వల్లించి నిద్రపుచ్చాను. అందుకే ఇలా తయారయ్యావేమో. తప్పు నాదే."

చేతికర్ర పక్కన పెట్టి లేచాడు. గుట్టెక్కి, లచ్చన్న తన ఇంటి కోసం ముగ్గుపిండితో గీసుకున్న గీతల మధ్యకి వెళ్ళాడు. అక్కడున్న పొడవాటి వెదురు గడ ఒక చివర భుజానికెత్తుకున్నాడు.

"ఆ చివర నువ్వు పట్టు, జోగీ."

జోగారావు పట్టాడు. స్వామి పైడమ్మని పిలిచి, "అమ్మా, నీ చీర కట్టు" అన్నాడు. ఆవిడ ఇద్దరి మొహాలూ చూసి, కాసేపు తటపటాయించి, గడకి చీర కట్టింది. పిల్లని అందులో పడుకోబెట్టి మెల్లగా ఊపింది. పిల్ల కళ్ళు మూసుకుంది.

కాసేపటికి జోగారావు భుజం సలపడం మొదలుపెట్టింది.

"ఎంతసేపు స్వామీ?"

"దూలాలు మాట్లాడవు నాయనా."

జోగారావు గడని కొంచెం దించబోయాడు. పిల్ల కదిలి మూలిగింది. పైడమ్మ చీర అంచు పట్టుకుంది. అతను గడని మళ్ళీ ఎత్తాడు.

అప్పుడు కనిపించింది అతనికి స్వామి భుజం. గడ కింద ఎముక తప్ప ఏమీ లేదు. ముసలి తల సన్నగా వణుకుతోంది. జోగారావు ఖాళీ చేతిని చాచి, ఉయ్యాల ముడిని మెల్లమెల్లగా తన వైపుకి జరుపుకున్నాడు. స్వామి చూడనట్టు మబ్బుల వైపు తిరిగాడు.

"లచ్చన్నా," అన్నాడు జోగారావు గుసగుసగా, "సాంబయ్యని పిలుచుకురా. ఎర్రన్ననీ, కనకాచారినీ కూడా."

లచ్చన్నకి పద్ధతి బాగా వంటబట్టింది. "ఎవరి తరవాత ఎవర్ని, బాబూ?"

"అందర్నీ ఒకేసారి."

ముగ్గురూ వచ్చారు. "ఏటిది..." అని గొంతెత్తబోయిన సాంబయ్య, స్వామి పెదాల మీద వేలు చూసి ఆగిపోయాడు. ఇక వ్యవహారమంతా గుసగుసల్లోనే నడిచింది. గుసగుసల్లో ఎవరి మాటా నెగ్గించుకోవడం కుదరదు. సాంబయ్య నీరు పోయే దారిని కాలితో గీశాడు. అలా అయితే పొయ్యి ఈ మూలకి రావాలని కనకాచారి చూపించాడు. ఎర్రన్న నూతి వైపు చూసి తలూపాడు.

"ముందే కలిసి రమ్మంటే వచ్చేవాళ్ళం గదా," అన్నాడు ఎర్రన్న, జోగారావు చెవి దగ్గర.

పిల్ల పక్కకి ఒత్తిగిల్లే లోపల అంతా తేలిపోయింది. ఇప్పుడు అందరూ జోగారావుని చూస్తున్నారు.

"గుంజ పాతుకో లచ్చన్నా," అన్నాడు. అది కూడా గుసగుసే.

మేదరవాళ్ళంతా గునపాలు పట్టారు. కనకాచారి ఎవరూ చెప్పకుండానే స్వామి చివరన తన భుజం దూర్చాడు. జోగారావు చివర అందుకోవడానికి ఇద్దరు ముగ్గురు వచ్చారు గాని అతను ఇవ్వలేదు.

పొద్దు వాలేసరికి పంగ గుంజలు రెండు నిలబడ్డాయి. గడని భుజాల మీంచి అలాగే ఎత్తి, ఉయ్యాలతో సహా పంగల్లో పెట్టారు. పిల్ల లేవలేదు. పైన తాటాకు ఇంకా పడనేలేదు. పైడమ్మ దూలం వైపు ఒకసారి చూసి, ఉయ్యాలని ఒక్క ఊపు ఊపింది.

గుట్ట దిగుతూ జోగారావు వాచిన భుజం రుద్దుకున్నాడు.

"ఆ చూడాల్సినవాటిలో ఏది తీసెయ్యమంటారు స్వామీ?"

స్వామి ఆ వాపు మీద తన అరచెయ్యి పెట్టాడు.

"ఏదీ తీసెయ్యకు నాయనా. అడిగేటప్పుడు మాత్రం గడ భుజం మీదుండనీ."