వంకరముక్కు రాజుగారి పటం

అనగనగా ఏడు సముద్రాల అవతల, స్పెయిను అనే దేశంలో ఒక రాజు ఉండేవాడు. ఆయన అసలు పేరు నాకు నోరు తిరగదు. ముక్కు కాస్త ఎడమపక్కకు వంగి ఉండేది కాబట్టి వంకరముక్కు రాజు అనుకుందాం. ఆయనకు బొమ్మలంటే ప్రాణం. చిత్రకారులు తిన్నాకే తాను తినేవాడు. ఉప్పు తిన్నవాళ్ళు ఊరుకుంటారా? పటం వేసిన ప్రతివాడూ ముక్కును తిన్నగా దిద్దేవాడు. రాజు మురిసిపోయి కడియాలు తొడిగేవాడు. మంచివాడే, పాపం. పొగడ్తంటే చెవి కోసుకునేవాడు.

ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరికీ గుర్రాలూ, వేటలే లోకం. చిన్నవాడు మార్టిను మాత్రం నాన్న ఒళ్ళో పెరిగాడు.

ఒకనాడు ధూమకేతుడనే మాంత్రికుడు చిత్రకారుడి వేషంలో వచ్చాడు. పటం వేస్తూ వేస్తూ రాజును ఆ పటంలోకే లాగేశాడు. దాన్ని చుట్టచుట్టుకుని తూర్పు సముద్రంలోని తన దీవికి ఎగిరిపోయాడు.

పెద్దవాడు ఏడు సముద్రాలూ దాటి వెళ్ళాడు. మాంత్రికుడు మూడు పటాలు చూపించి, "వీటిలో మీ నాన్న ఎవరో చెప్పు. తప్పితే రాయైపోతావు" అన్నాడు. పెద్దవాడు కోటలోని పటాలను తలుచుకుని తిన్నని ముక్కును చూపించాడు, రాయైపోయాడు. నడిపివాడూ వెళ్ళాడు, తిన్నని ముక్కునే చూపించాడు, రాయైపోయాడు. ఇంట్లో మనిషిని చూడకుండా గోడమీది బొమ్మను చూసి పెరిగితే అంతే మరి!

చివరికి మార్టిను పడవెక్కాడు. దారిలో నీళ్ళలో కొట్టుకుపోతున్న ఉడుతను పైకి తీసి, తన రొట్టెలో సగం పెట్టాడు.

"నీ మేలు మరిచిపోనులే, అబ్బాయీ" అంటూ ఉడుత అతని భుజమెక్కి కూర్చుంది.

దీవిలో పటాలు చూడగానే మార్టిను వంకరముక్కు దగ్గరికి పరుగెత్తి, "నాన్నా!" అని భోరుమన్నాడు.

"గుర్తుపడితే ఏం? బయటికి రప్పించేది నేను. రప్పించను పో!" అని నవ్వి, మాంత్రికుడు సుష్టుగా భోంచేసి పడుకున్నాడు.

ఆ ఇంట్లో మందారిక అనే పిల్ల చెరలో ఉంది. మన బందరు రేవులో బట్టలమీద బొమ్మలు వేసేవాళ్ళ అమ్మాయి. ఆమె మెల్లగా చెప్పింది: "గోడమీద వాడు నాచేత వేయించిన ఆ చిలకలో వాడి ప్రాణం ఉందండీ. మావాళ్ళు కళ్ళు అన్నిటికన్నా చివర్న దిద్దుతారు. కళ్ళు దిద్దితేనే బొమ్మ లేస్తుంది. అందుకే ఆ చిలకకు కన్ను దిద్దకముందే వాడు నా కుంచెలన్నీ తగలబెట్టాడు."

"కుంచెకేం భాగ్యం!" అంటూ ఉడుత తోక చాపింది. మార్టిను నాలుగు వెంట్రుకలు పీకి పుల్లకు కట్టాడు. "అబ్బా, మెల్లగా!" అంది ఉడుత. మందారిక కాటుకలో ముంచి కన్ను దిద్దింది. చిలక రెక్కలు విదిల్చి గోడ దిగింది. మార్టిను దాని మెడ ఒడిసిపట్టాడు.

మాంత్రికుడు తన మెడ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "బాబ్బాబు, వదిలెయ్!"

"ముందు మా నాన్న. తరవాత మా అన్నలు."

వాడు ఏడుస్తూ అందరినీ విడిపించాడు. విడిపించినట్టే విడిపించి వెనకనుంచి కత్తి ఎత్తాడు. మార్టిను చిలక మెడ విరిచేశాడు. వాడి పీడ విరగడైంది.

రాజు చిన్నకొడుకును కావలించుకున్నాడు. సిగ్గుతో తలలు వంచుకున్న పెద్దవాళ్ళనూ దగ్గరికి లాక్కున్నాడు. "తప్పు మీది కాదర్రా. కన్నబిడ్డలకు నా ముఖం నేనే దాచాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఆకాశమంత పందిరి వేసి, భూదేవంత అరుగు వేసి మార్టినుకూ మందారికకూ పెళ్ళి చేశారు. రాజు కిరీటం చిన్నవాడి నెత్తిన పెట్టి, తాను కోడలి పక్కన కూర్చుని రంగులు నూరేవాడు.

"ఎర్రరంగు ఇంకా మెత్తగా రావాలి, మామయ్యగారూ" అంటే, "అలాగే తల్లీ" అని మళ్ళీ నూరేవాడు. అలా వాళ్ళు చాలాకాలం రాజ్యమేలారు. వాళ్ళక్కడ చల్లగా ఉన్నారు, ఇక మనం అన్నాలకు లేద్దాం.