చావుకొక్కు కాడ కింది చిప్ప

ఒకప్పుడు అడవిలో కొక్కులన్నీ, అంటే పుట్టగొడుగులన్నీ, మాట్లాడేవి. తొలకరికి మట్టి చీల్చుకుని తల ఎత్తడమే ఆలస్యం, తమ గుణం తామే చెప్పేసేవి. నన్ను కూర వండుకో అని ఒకటి, నా జోలికి రాకు అని ఇంకొకటి.

అంతకుముందెన్నడూ లేని కొత్తరకం కొక్కు పుడితే మాత్రం దాని గుణం దానికే తెలిసేది కాదు. అప్పుడు కోసమ్మ రావాల్సిందే. కొండవాలు గూడెంలో ఉండే కోసమ్మ దాని ముందు మూడు రోజులు కూర్చునేది. గొడుగు కింది మడతలు చూసేది. వాసన పీల్చేది. నల్లరాతి మీద బోర్లించి, రాలిన పొడి ఏ రంగో చూసేది. ఆ తర్వాతే పేరు పెట్టేది. ఆమె పెట్టిన పేరుకు గూడెంలో తిరుగులేదు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. గింజలు అడుగంటాయి. అడవి దుంపలు కూడా అయిపోయాయి. ఎట్టకేలకు వాన పడ్డ మర్నాడు వెదురుపొద కింద గంపలకొద్దీ తెల్లకొక్కులు లేచాయి. ఎవరూ ఎరగని రకం. చూడ్డానికి మాత్రం అచ్చం ఏటా కూర వండుకునే పుట్టకొక్కులే.

కోసమ్మ వాటి ముందు కూర్చుంది. వెనకే చెల్లెలు చుక్కమ్మ వచ్చింది, చంకలో పసివాడితో. మూడు రోజులాగమంది కోసమ్మ.

"నువ్వు ఆగగలవక్కా. నా రొమ్ములో పాలు ఇంకిపోయాయి. వీడు ఆగుతాడా?"

కోసమ్మ పసివాడి వంక చూసింది. వాడికి ఏడ్చే ఓపిక కూడా లేదు.

"ఇవి పుట్టకొక్కులే," అనేసింది.

"అది నా పేరు కాదేమో, ఇంకాస్త చూడు," అంది కొక్కు. కోసమ్మ విననట్టే కోసి చెల్లెలి ఒడి నింపింది. తన వాటా కూడా ఆమెకే ఇచ్చింది.

ఆ సాయంత్రం ఐదిళ్లలో కూర ఉడికింది. తియ్యగా ఉందన్నారు. తెల్లారేసరికి వాంతులు పట్టుకున్నాయి. రెండోనాడు తేరుకున్నట్టే కనిపించారు. చుక్కమ్మ లేచి కూర్చుని నవ్వింది కూడా. మూడోనాడు కళ్లు పచ్చబడ్డాయి. ఆపైన గూడెంవాళ్లు ఏడు గోతులు తవ్వారు. అందులో ఒకటి చుక్కమ్మది.

ఎవరూ కోసమ్మను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది ఆమెకు.

పసివాణ్ణి చంకనేసుకుని, చెల్లెలు చివరిసారి కూర పెట్టుకుని తిన్న ఎండు సొరకాయ చిప్ప పట్టుకుని వెదురుపొద దగ్గరికి వెళ్లింది. ఈసారి మూడు రోజులూ కూర్చుంది. బోర్లిస్తే రాతి మీద తెల్లపొడి రాలింది. పుట్టకొక్కు పొడి లేతగులాబీ రంగులో ఉంటుంది.

"ఇంకొకరి పేరు నాకు తగిలించి, ఏడుగురిని నా చేత చంపించావు," అంది కొక్కు. "చెప్పినా విననివాళ్లతో మాకు మాటలెందుకు? ఇక మేమెవ్వరం నోరు విప్పం."

కోసమ్మ తల వంచుకుంది. మాట్లాడకపోయినా గుర్తయినా మొయ్యమని బతిమాలుకుంది. చెల్లెలి తెల్లచీర చింపి, పీలిక దాని మెడకు కట్టింది. సొరచిప్పను కాడ కింద అమర్చింది. చావుకొక్కు అని పేరు పెట్టి, గూడెంలో ఇంటింటికీ తిరిగి చెప్పింది.

ఆ రాత్రి వానకు మట్టి కొట్టుకొచ్చి చిప్పను కప్పేసింది.

అప్పటినుంచే అడవిలో కొక్కులు మూగవైపోయాయి. చావుకొక్కు మెడలో తెల్లటి పీలిక వేలాడుతుంది. ఒక్కోసారి వానకు అదీ ఊడిపోతుంది. కాడ కింది చిప్ప మాత్రం ఉంటుంది. కానీ అది మట్టిలో ఉంటుంది, ఓపిగ్గా తవ్వి చూసినవాళ్లకే కనబడుతుంది.