ఇటుకల పట్నంలో మూడు రోజులు

అనగా అనగా, తూర్పు దిక్కున కనకవల్లి అనే రాజ్యం. దానికొక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మణికేతుడు, నడిపివాడు శశాంకుడు, చిన్నవాడు కువలయుడు.

ఒక ఏడు వాళ్ళ అమ్మ మంచం పట్టింది. తినదు, మాట్లాడదు, రోజురోజుకూ కరిగిపోతోంది. రాజవైద్యుడు నాడి చూసి, "పడమటి కొండ మీద వెండాకు మొక్క ఉంది. దాని పసరు తప్ప వేరే మందు లేదు. కొండకు రెండు నెలల దారి," అన్నాడు.

పెద్దవాడు బయలుదేరాడు, తిరిగి రాలేదు. నడిపివాడు బయలుదేరాడు, తిరిగి రాలేదు. చిన్నవాణ్ణి పంపడానికి రాజుకు మనసొప్పలేదు. కానీ కువలయుడు అమ్మ పాదాలు కళ్ళకద్దుకుని, తన తెల్లగుర్రం ధవళ మీద ఎక్కాడు. పిల్లలూ, ఆ గుర్రానికి మాటలొచ్చు.

ఏడు అడవులు దాటారు. ఏడు వాగులు దాటారు. ఏడు రాళ్ళ మైదానాలు దాటారు. ఏడో మైదానం చివర ధవళ కుంటడం మొదలుపెట్టింది. దిగి చూస్తే ముందుకాలి డెక్క నిలువునా చీలి ఉంది.

"ఇక నడవలేను కువలయా," అంది ధవళ. "నాలుగైదు రోజులు పడుకుంటే గాని మానదు."

ఎదురుగా పెద్ద పట్నం కనిపించింది. అంత పెద్ద పట్నం వాళ్ళు ఎన్నడూ చూడలేదు. ఎర్రటి ఇటుకల ప్రహరీ ఒక కొస నుంచి చూస్తే రెండో కొస కనబడదు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ద్వారం మీద ఇనుప పంజరంలో ఒక చిలుక. వాళ్ళు లోపలికి వస్తూంటే అది వంగి చూసింది.

వీధి తర్వాత వీధి, మేడ తర్వాత మేడ. మనుషులే లేరు. సత్రంలో విస్తరి వేసి ఉంది, దానంతటదే అన్నం వడ్డించుకుంది. పశువులశాలలో పచ్చగడ్డి దానంతటదే నిండింది. కువలయుడు ధవళ డెక్కకు ఆకుపసరు కట్టి పక్కనే కూర్చున్నాడు. పొద్దు గుంకుతూంటే చిలుక, "కువలయా, ఒకటి. ధవళా, ఒకటి," అని అరిచింది.

మర్నాడు పొద్దున ఒక అమ్మాయి చెంబుతో నీళ్ళు తెచ్చి, సత్రం గోడలో ఒక ఇటుకను కడుగుతూ కనిపించింది.

"ఎవరమ్మా నువ్వు? ఆ ఇటుకను ఎందుకు కడుగుతున్నావు?"

"నా పేరు మందారిక. ఇది మా నాన్న," అంది ఆ అమ్మాయి.

ఆమె తండ్రి వర్తకుల బిడారు నడిపేవాడు. దారిలో అలసి ఈ పట్నంలో ఆగారు. ఇక్కడ తిండికి కొదవ లేదు, పనిలేదు. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ ఉండిపోయారు.

"ఈ పట్నం జటాకరాళుడనే మాంత్రికుడిది," అంది మందారిక. "ఆ చిలుక నోట ఎవరి లెక్క నాలుగని పలుకుతుందో వాళ్ళు ఇటుకలైపోతారు. అలా వచ్చినవాళ్ళతోనే వాడు ఇంత పట్నం కట్టాడు. మా బళ్ళు, ఎడ్లు కూడా ఈ గోడల్లోనే ఉన్నాయి. ఆ రోజు నేను పూలు కోయడానికి బయటికెళ్ళాను కనుక బతికాను. బయటికెళ్ళి వస్తే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. అందుకే మూడో రోజు తప్పకుండా వెళ్ళి, మళ్ళీ వస్తాను."

కువలయుడు తన చెవిపోగులు చూపించాడు. "ఇలాంటి పోగులు పెట్టుకున్న వాళ్ళెవరైనా వచ్చారా?"

ఆమె గుమ్మం పక్కన రెండు ఇటుకలు చూపించింది. "పెద్దాయన సుఖానికి ఆగాడు. రెండో ఆయన అన్నను వెతుకుతూ ఆగిపోయాడు. ఎంత చెప్పినా ఇద్దరూ నమ్మలేదు."

కువలయుడు ఆ రెండు ఇటుకల మీదా చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉన్నాయి. వాటికి నుదురు ఆనించాడు. ఆ సాయంత్రం చిలుక, "రెండు," అంది. మరుసటి సాయంత్రం, "మూడు," అంది.

నాలుగో రోజు తెల్లవారింది. ధవళ లేవబోయి కూలబడింది.

"నన్ను వదిలి వెళ్ళు కువలయా. అమ్మ ఎదురుచూస్తోంది."

"ఏడు అడవులు నన్ను మోశావు. నిన్ను ఈ గోడకు అప్పగించి వెళ్తే, ఆ ఆకు అమ్మకు ఏ చేత్తో ఇవ్వను?"

కువలయుడు వెళ్ళలేదు. ఒక జామపండు తీసుకుని ద్వారం మీదికెక్కి పంజరం దగ్గర కూర్చున్నాడు. చిలుక ఈకలు సగం రాలిపోయి ఉన్నాయి. పండు మెల్లగా తింది.

"అందరి రోజులూ లెక్కపెడతావు," అన్నాడు కువలయుడు. "మరి నువ్వొచ్చి..."

"ఆగు!" అంది చిలుక. "ఆ మాట ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పి తీరాలి. చెబితే నేనూ ఇటుకనవుతాను. మాంత్రికుడి ప్రాణం నా గొంతులోనే ఉంది. వాడూ పోతాడు, వాడి మాయా పోతుంది."

కువలయుడు తల దించుకున్నాడు. "అయితే అడగను. నువ్వు నాకేం అపకారం చేశావు? వాడు చెప్పించింది చెప్పావు."

చిలుక పట్నం వైపు చూసింది. "నేను లెక్కపెట్టినవాళ్ళే ఆ గోడలన్నీ. పసిపిల్లల్ని కూడా లెక్కపెట్టాను. అలసిపోయాను నాయనా. పొద్దు గుంకకముందే అడుగు."

బురుజు మీది నుంచి జటాకరాళుడు పరుగున వచ్చాడు. "అడక్కు! నీ అన్నల్ని ఇస్తాను! గుర్రాన్నిస్తాను! పట్నంలో సగం ఇస్తాను!"

"వీళ్ళందర్నీ ఇస్తావా?" అన్నాడు కువలయుడు గోడలు చూపించి.

మాంత్రికుడు తల తిప్పుకున్నాడు.

కువలయుడి కళ్ళు నిండాయి. పంజరం ఊచల్లోంచి వేలు పెట్టి చిలుక తల నిమిరాడు. "చిలుకా, నువ్వీ పట్నానికి వచ్చి ఎన్ని రోజులైంది?"

"ఒకటి," అంది చిలుక. "రెండు. మూడు." కళ్ళు మూసుకుంది. "నాలుగు."

పంజరంలో పచ్చటి చిన్న ఇటుక మిగిలింది. జటాకరాళుడు నిలబడ్డచోటే బూడిదై రాలిపోయాడు. గోడలు కదిలాయి, మేడలు కదిలాయి. ఇటుక ఇటుకా మనిషై లేచింది. పట్నం ఉన్నచోట పెద్ద బయలు, ఆ బయలు నిండా జనం. ఎవరి పిల్లల్ని వాళ్ళు పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు. మందారికను వాళ్ళ నాన్న ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. అన్నలిద్దరూ తమ్ముణ్ణి కౌగిలించుకుని భోరుమన్నారు.

చిలుక మాత్రం తిరిగి లేవలేదు. కువలయుడు ఆ పచ్చ ఇటుకను పొద్దుపొడుపు వైపు పాతిపెట్టి, మట్టి కప్పి, మొక్కాడు.

"నువ్వు గుర్రం దగ్గర ఉండు తమ్ముడూ," అన్నారు అన్నలు. "కొండ ఇక దగ్గరే, మిగతా దారి మాది." ధవళ డెక్క మానేసరికి వాళ్ళు వెండాకు తెచ్చారు. ముగ్గురూ ఇల్లు చేరారు. పసరు గొంతులో పడగానే అమ్మ కళ్ళు తెరిచి, ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటే తడిమి చూసుకుంది.

కువలయుడు మందారికను పెళ్ళాడాడు. అన్నలు తామే ముందుకొచ్చి తమ్ముడికి పట్టం కట్టారు. అరవై ఏళ్ళు కువలయుడూ మందారికా చల్లగా రాజ్యమేలారు. ఆ దారి పొడవునా సత్రాలు కట్టించారు. ప్రతి సత్రంలోనూ పొద్దున్నే బాటసారి దగ్గరికి ఒక మనిషి వచ్చి, "అలసట తీరిందా? ఇంటి దగ్గర ఎవరున్నారు?" అని అడిగేవాడు.

ఇదీ పిల్లలూ కువలయుడి కథ. మీరు ఊకొట్టారు, నేను చెప్పాను.