చేదోడు సరస్వతి వెలసిన బండ

నాగులగట్టు బస్టాండు నుంచి కోర్టు వీధి మీదుగా పడమరకు నడిస్తే పది నిమిషాల్లో పలకబండ వస్తుంది. మెట్లు నలభై రెండే కాబట్టి మోకాళ్ళ నొప్పులవారు కూడా జంకనక్కరలేదు. పైన వెలసిన అమ్మవారికి వీణ లేదు, హంస లేదు, ముఖం కూడా లేదు. బండ మీద పొడుచుకు వచ్చిన ఒక కుడి చేయి మాత్రమే ఉంది. భక్తులు ఆ తల్లిని చేదోడు సరస్వతి అని కొలుస్తారు.

మన ముత్తాతల కాలంలో ఈ బండ కింద ముక్కామల పేరయ్య పంతులు గారు వీధిబడి నడిపేవారు. నలభై మంది పిల్లలు. ఒక్కొక్కరి చేయి పట్టుకుని ఇసుకలో ఓనమాలు దిద్దించనిదే ఆయనకు పూట గడిచేది కాదు. అంతటి మంచి మనిషి ఒక్క పొరపాటు చేశారు. తన కూతురికి ముందు చెబితే పక్షపాతమంటారని, ఏడేళ్ళ భ్రమరను అందరికంటే చివర కూర్చోబెట్టారు. ఆ పిల్ల వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కేది, పంతులు గారి గొంతు పోయేది, బడి వదిలేసేవారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, పంతులు గారి ఇంట్లోనే చదువు రాని పిల్ల పెరగసాగింది.

"అందరి పిల్లలకూ మీరున్నారు. దానికెవరున్నారండీ?" అని భార్య పున్నమ్మ గారు ఒకనాడు అడిగారు. ఆయన తల వంచుకుని బడికి వెళ్ళిపోయారు.

ఒక వసంత పంచమి నాడు నలభై మందికీ దిద్దించి చివరికి తిరిగి చూస్తే ఇసుక పళ్ళెం ఉంది, పిల్ల లేదు. పంతులు గారు బడి వదిలేసి పరుగెత్తారు. వీధులన్నీ వెతికి, చెరువు గట్టు చూసి, చివరికి బండ ఎక్కారు. భ్రమర అక్కడ ఇసుకలో గుండ్రంగా అక్షరాలు రాసుకుంటోంది. ఎవరు నేర్పారని అడిగారు.

"ఒకమ్మ చెయ్యి పట్టుకుని దిద్దించింది నాన్నా. మా నాన్నకి తీరుబడి ఉండదని నేనే చెప్పాను."

చుట్టూ మనిషి జాడ లేదు. నిన్నటిదాకా నున్నగా ఉన్న బండ మీద చేయి ఒకటి వెలసి ఉంది. ఆయన కూతురిని ఒళ్ళోకి తీసుకుని ఏడ్చి ఏడ్చి అక్కడే సొమ్మసిల్లారు. ఆ మగతలో అమ్మవారి మాట వినిపించింది.

"అక్షరాలు నేను నేర్పగలను పేరయ్యా. తండ్రి చేయి మాత్రం నేను కాలేను."

కళ్ళు తెరిచి ఆయన తన చేయి చాపారు. భ్రమరకు ఆ అక్షరాలు అప్పటికే వచ్చు. అయినా రానట్టే తండ్రి చేతిలో చేయి పెట్టింది. ఆనాటి నుంచి బతికినంతకాలం పంతులు గారు ముందు కూతురికి దిద్దించి, ఆ తరువాతే బడి మొదలుపెట్టేవారు. గుడి కట్టించింది కూడా ఆయనే.

నేటికీ ఇక్కడ అక్షరాభ్యాసం అర్చకులు చేయించరు. కన్నవారే పిల్లల చేయి పట్టాలి. పిల్లల వయసు అడిగే ఆచారం లేదు. మొన్నటి వసంత పంచమికి రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన, నెరుస్తున్న జుట్టుతో ఉన్న కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. ఇద్దరూ ఇసుక ముందు కూర్చున్నారు. అక్షరం పూర్తయింది. ఆయన చేయి వదలలేదు. వెనక వరుస మెట్ల కిందిదాకా ఉన్నా, అర్చకులు ఆయనను లేవమనలేదు.