అజేలియా కింది కొమ్మకే ముందు ఎందుకు పెడుతుంది

ఒకప్పుడు అజేలియా పొట్టి చెట్టు కాదు. ఇప్పట్లా బోన్సాయ్ అని పళ్ళెంలో పెంచే చెట్టు అసలే కాదు. చల్లటి కొండ మీద, మనిషి భుజమెక్కి మనిషి నిలబడినా కొస అందనంత ఎత్తుండేది. పూసిందంటే ఆకు కనబడేది కాదు, అంతా గులాబీ రంగే. ఆ రోజుల్లో దాన్ని ఏ పేరుతో పిలిచేవాళ్ళో మనకి తెలీదు. అజేలియా అనే అనుకుందాం.

ఈ అజేలియాకి బోలెడు కొమ్మలు. అన్నీ దాని పిల్లలే. అందరికన్నా పైన తలకొమ్మ. అందరికన్నా కింద అడుగుకొమ్మ.

మిగతా చెట్లన్నీ చేసే పనే ఇదీ చేసేది. వేరు నీళ్ళు తేగానే ముందు తలకొమ్మకి పెట్టేది. వాడు తిని తేన్చాక, మిగిలింది నడిమి కొమ్మలకి. అడుగుకొమ్మ వంతు వచ్చేసరికి కుండ ఖాళీ.

"అమ్మా, మరి నాకు?" అనేది అడుగుకొమ్మ.

"రేపు పెడతాలేవే. అన్న పైన ఎండలో నిలబడ్డాడు, గాలికి ఊగుతున్నాడు. నువ్వు నీడలో ఊరికే కూచున్నావు కదా!"

"ఊరికే కాదమ్మా, ఆకలితో కూచున్నాను."

"తిండి లేకపోయినా నోరు బానే పెరిగిందే దీనికి!" అని పైనుంచి తలకొమ్మ నవ్వేవాడు.

రేపు వచ్చేది, పోయేది. అడుగుకొమ్మకి మాత్రం ఏమీ వచ్చేది కాదు. అది అలా అలా నడుం వంగిపోయి, చివరికి నేల మీద రాలిన ఆకుల్లో పడుకుంది.

ఆ చెట్టు పక్కనే సున్నపు బట్టీ ఒకటి ఉండేది. నూకయ్య, అతని పెళ్ళాం దాలమ్మ అక్కడ రాళ్ళు కాల్చి సున్నం చేసేవాళ్ళు. బట్టీ అంటే మాటలా! ఒకటే వేడి, ఒకటే పొగ. పసిపిల్లని ఎక్కడ పడుకోబెట్టాలి? దాలమ్మ అజేలియాకే చీర కట్టి ఉయ్యాల వేసింది. చెట్టు నీడ పట్టింది. పొగని తన ఆకుల మీదకి తీసుకుంది. ఆ పిల్ల పెరిగి పెద్దదై ఇప్పుడు రాళ్ళ మీద గంతులేస్తోంది.

దాలమ్మ ఆ మేలు మర్చిపోలేదు.

"మావా, ఈ చెట్టే లేకపోతే మన పిల్ల ఏమైపోయేదో. దీనికి ఏదన్నా పెట్టాలి," అంది మొగుడితో.

"చెట్టుకేం పెడతావే? పట్టుచీరా?"

"మన దగ్గర ఏది మంచిదో అది పెడతాను. నీకెందుకు?"

సున్నం కాల్చేవాళ్ళ దగ్గర ఏది మంచిది? సున్నమే! గోడకి పూస్తే ఇల్లు మెరుస్తుంది. తమలపాకుకి రాస్తే నోరు పండుతుంది. అది ఉన్న చోటికి పురుగు రాదు. అంత మంచి వస్తువు చెట్టుకి మాత్రం చెడ్డదవుతుందా అనుకుంది దాలమ్మ. సున్నం నానబెట్టిన గుంటలో పైన తేరుకున్న తేట ఉంటుంది కదా, అద్దంలా ఉంటుంది. అది కుండతో ముంచి తెచ్చి చెట్టు మొదట్లో పోసింది.

"తాగు తల్లీ. నా బిడ్డని కాచావు. నిన్ను నేను చూసుకుంటాను."

ప్రేమతోనే పోసింది. రోజూ పోసింది. కానీ ఎంత ప్రేమగా పోసినా సున్నం సున్నమే.

కొన్నాళ్ళకి అజేలియా ఆకులు పాలిపోయాయి. ఈనెలు మాత్రం పచ్చగా, మిగతా ఆకంతా పసుపు.

"అమ్మా, ఆకలి! ఇంకా పెట్టు!" అని తలకొమ్మ గోల.

"పెడుతూనే ఉన్నాను కదరా! వేరు నిండా నీళ్ళే. ఒంటికి పట్టట్లేదు నాయనా, నేనేం చెయ్యను?"

దాలమ్మ చూసి, "అయ్యయ్యో, ఒక కుండ చాలట్లేదేమో," అని ఇంకో కుండ ఎక్కువ పోసింది. ఆకులు ఇంకా పండాయి. పండినవి రాలాయి.

నూకయ్య వచ్చి చెట్టుని తట్టి చూశాడు.

"దీని పని అయిపోయిందే. బట్టీకి రాయి పేర్చడం అవ్వగానే కొట్టేస్తాను. కట్టెలకి అవతలి కొండ దాకా పోయే పని తప్పుతుంది."

"నీ నోట్లో మన్ను పడ! నీ కూతురు ఊగిన చెట్టయ్యా ఇది!"

"ఊగింది. కాదన్నానా? పచ్చటి చెట్టుని నేనెప్పుడన్నా ముట్టుకున్నానా? రాయి పేర్చేలోపు పచ్చబడితే నీది. ఎండితే బట్టీది."

బట్టీలో రాళ్ళ వరస మీద వరస లేస్తోంది. అజేలియా పైనుంచి చూస్తూనే ఉంది. పారిపోడానికి దానికి కాళ్ళు లేవు.

ఇక నేల మీద పడుకున్న అడుగుకొమ్మ సంగతి చూద్దాం.

సున్నం మంట పడలేక ఒక వానపాము పాక్కుంటూ దాని దగ్గరికి వచ్చింది. "ఒళ్ళంతా భగ్గుమంటోంది పిల్లా! నీ కింద కాస్త చోటిస్తావా?"

"రా మావా. నా దగ్గర ఉన్నది చోటొక్కటే. తిండి మాత్రం అడక్కు."

"తిండి లేదా? కుళ్ళిన ఆకుల పరుపు మీద పడుకుని తిండి లేదంటావేం? అమ్మ పెట్టకపోతే మన్నుని అడగరాదూ? నోరుంది కదా!"

అడుగుకొమ్మ మన్నుని అడిగింది. "మన్నమ్మా, మన్నమ్మా, నాకింత పెట్టవూ?"

"ఇన్నాళ్ళూ అడగవేమే!" అంది మన్ను.

అంతే. కొమ్మ పొట్ట కింద జివ్వుమంది. వెంట్రుకలంత సన్నటి వేళ్ళు బయటికొచ్చాయి. అవి సున్నం దిగిన లోతుకి పోలేదు, ఆకుల్లోనే పైపైన పరుచుకున్నాయి. పొద్దున్నే మంచు తాగాయి, వానొస్తే వాన తాగాయి. చెట్టంతా పసుపైపోతే అడుగుకొమ్మ ఒక్కటీ పచ్చబడింది.

అప్పుడు దానికి అమ్మ మూలుగు వినపడింది.

"అమ్మా, ఏమైందే?"

"ఏం లేదులే."

"దాహమా?"

అజేలియా సిగ్గుపడింది. "నీకు ఏనాడూ పెట్టనిదాన్ని. నిన్నేం మొహం పెట్టుకుని అడుగుతాను?"

"అడక్కు. తాగు."

వానపాము ఎగిరిపడింది. "ఒసేవ్! ఆ కాసిని నీళ్ళు నీకే చాలవు. అమ్మకి పోస్తే నువ్వు ఎండిపోతావు!"

"ఎండటం నాకు కొత్తేం కాదు మావా," అంది అడుగుకొమ్మ. తన సన్నటి వేళ్ళతో తెచ్చిన నీళ్ళు తాగకుండా అమ్మకి తోసింది.

అజేలియా ఆ గుక్క తాగింది. చాలా రోజులకి ఒంటికి పట్టిన నీళ్ళు అవే. పాత అలవాటు కదా, రెండో గుక్క తలకొమ్మకి పంపబోయింది. పంపబోతూ కిందికి చూసింది. అడుగుకొమ్మ ఆకులు వేలాడిపోతున్నాయి. అయినా అది ఇంకా తోస్తూనే ఉంది.

ఆ రెండో గుక్క పైకి పంపలేదు, తిరిగి కిందికే తోసింది.

సరిగ్గా అప్పుడే దాలమ్మ ఇంకో కుండ తేట పట్టుకుని వచ్చింది. వానపాముకి ఒళ్ళు మండింది.

"ఏం దాలమ్మా! బతికించడానికి వచ్చావా, చంపడానికి వచ్చావా?"

దాలమ్మ కుండ దించింది. "పాకే పురుగువి, నువ్వా నన్నడిగేది? రోజూ నా చేతులతో పోస్తున్నానే!"

"అదే నేననేది! నీ చేతులు చూసుకో."

దాలమ్మ చేతులు చూసుకుంది. సున్నం నీళ్ళకి పగిలి, మంటపుట్టి ఉన్నాయి.

"పని చేసే చేతికే ఇట్లా ఉంటే, దాని వేరుకి ఎట్లా ఉంటుంది? పుల్లటి మన్నులో పుట్టిన చెట్టమ్మా అది. వాన తప్ప ఏం తాగి ఎరగదు. నీ తేట దానికి విషం."

దాలమ్మకి తను చేసింది అర్థమైంది. ఏడవలేదు. ఏడిస్తే చెట్టు లేస్తుందా? కుండ తీసుకెళ్ళి దూరంగా పారబోసి వచ్చింది.

"సరే, పోసిందాన్ని నేనే. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"అదిగో, పచ్చగా ఉంది చూడు, ఆ అడుగుకొమ్మనడుగు."

దాలమ్మ ఆకులు తప్పించి చూసింది, కొమ్మ కింద జుట్టులాంటి కొత్త వేళ్ళు. ఇంతలో బట్టీలో చివరి రాయి పడింది. నూకయ్య గొడ్డలి భుజాన వేసుకుని వచ్చాడు.

"జరుగు దాలీ. రాయి పేర్చేశాను. చెట్టు పచ్చబడలేదు."

"పచ్చబడింది. వంగి చూడు."

నూకయ్య వంగి చూశాడు. "చెట్టంతా ఎండి, ఒక్క కొమ్మ పచ్చగుంటే పచ్చబడినట్టేనా?"

"నాకు ఆ ఒక్కటి చాలు. కొట్టు మావా, వద్దనను. కానీ ఎక్కడ కొట్టాలో నేను చెప్తాను. అడుగుకొమ్మకి పైన జానెడు వదిలి కొట్టు. కింద సున్నం పట్టిన తల్లివేరు కూడా కొట్టు. ఈ జుట్టు వేళ్ళ జోలికి పోయావా, నీకు ఈ పూట కూడు లేదు."

తలకొమ్మ గొల్లుమన్నాడు. "అమ్మా! నన్నా? పెద్దోణ్ణి, నన్నా?"

"నాయనా, అందరి వంతూ నీకే పెట్టాను," అంది అజేలియా. "తప్పు నాది, నీది కాదు. కానీ నిన్ను మోసే బలం నాకిప్పుడు లేదు. నిన్ను మోస్తే దీన్ని చంపుకోవాలి. ఈసారి దీన్ని చంపుకోను."

తలకొమ్మ వంగి కింద అడుగుకొమ్మని చూశాడు. తర్వాత, "సరే. బట్టీలో బాగా మండుతాను, చూస్కో," అన్నాడు.

నిజంగానే బాగా మండాడు. ఆ ఏడు సున్నం ఎప్పుడూ రానంత తెల్లగా వచ్చింది.

మిగిలింది లావుపాటి పొట్టి మొదలు, ఒక కొమ్మ, గుప్పెడు జుట్టు వేళ్ళు. దాలమ్మ ఇంట్లోంచి వెడల్పాటి మట్టి మూకుడు తెచ్చింది. దానికి అడుగున చిల్లి.

"కారే మూకుడు దేనికే?" అన్నాడు నూకయ్య.

"కారాలి. నీళ్ళు నిలిస్తే ఆ సన్నటి వేళ్ళు కుళ్ళిపోవూ?"

చెట్ల కింద కుళ్ళిన ఆకు మన్ను జల్లించి మూకుట్లో పోసింది. చెట్టుని కూచోబెట్టి, కదలకుండా నారతో కట్టింది. చూరు కింద కుండ పెట్టి వాన నీళ్ళు పట్టింది. అవే పోసింది. మన్ను ఎండనిచ్చేది కాదు, బురద కానిచ్చేది కాదు. మిట్టమధ్యాహ్నం ఎండొస్తే నీడకి జరిపేది. వానపాము కూడా మూకుట్లో దూరి కూచుని, "ఇంకాస్త పొయ్యి," "ఇంక చాలు," అని అజమాయిషీ చేసేది.

ఒక పొద్దున నూకయ్యే ముందు చూశాడు.

"ఏయ్ దాలీ! ఇలా రా! తొందరగా!"

ముసలి మొదలు మీద, అసలేం లేని చోట, బెరడు చీల్చుకుని ఎర్రటి చిగుళ్ళు. ఒకటి కాదు, ఒళ్ళంతా. దాలమ్మ మూకుడికి చెయ్యి తాకించి దణ్ణం పెట్టుకుంది. "నేను చంపబోయాను, నువ్వు బతికావు. చాలు తల్లీ."

పైన మొలిచిన కొత్త తలకొమ్మ పుడుతూనే నోరు తెరిచింది. "అమ్మా, ముందు నాకు!"

"ఆగరా," అంది అజేలియా. "ఆకలితో ఉండి కూడా నాకు పెట్టింది ఒకత్తుంది. ముందు దానికి. తర్వాతే నువ్వు."

ఆ ఏడు మూకుడు కనపడకుండా పూసింది. పూలు వాడగానే దాలమ్మ ఒక్కొక్కటీ గిల్లేసింది, గింజ కట్టి చెట్టు అలిసిపోకుండా. తర్వాత కత్తెర పట్టింది. చూస్తే అడుగుకొమ్మ మూకుడు దాటి ఎక్కడికో పోయింది. పైకొమ్మ వేలెడంతే ఉంది.

"నిన్ను కొంచెం కత్తిరించాలే పిల్లా," అంది.

"కత్తిరించుకో దాలమ్మత్తా," అంది అడుగుకొమ్మ ధీమాగా. "మా అమ్మ మళ్ళీ పెడుతుంది."

మామిడి చూడండి, వేప చూడండి, బలమంతా తలకే. అజేలియా మాత్రం అప్పటినుంచే తన బలమంతా కింది కొమ్మలకి పోస్తుంది. అందుకే దాన్ని పళ్ళెంలో పెంచేవాళ్ళు పూలయ్యాక కింది కొమ్మల్ని గట్టిగా కత్తిరిస్తారు, పైకొమ్మని పోనీలే అని వదిలేస్తారు. వాన నీళ్ళే పోస్తారు, సున్నం దగ్గరికి రానివ్వరు. పైకొమ్మ ఎంత గోల పెట్టినా, ఈ రోజుకీ అజేలియా ఒకటే మాట అంటుంది: "ఉండు నాయనా, దానికి పెట్టి వస్తాను."