ఖాళీ గది దాటాక

భానుమూర్తి గారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. శిష్యులు ఏదైనా అడిగితే కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చుంటారు. ఈలోగా అడిగినవాళ్ళే సగం జవాబు చెప్పేసుకుంటారు. మిగతా సగం ఎప్పుడు, ఎక్కడ దొరుకుతుందో ఆయనకీ తెలియదు. గోదావరి ఒడ్డున ఒక చిన్న పట్నంలో, మందుల కొట్టు పైనున్న గదిలో ఆయన చాలా ఏళ్ళుగా ప్రోగ్రామింగ్ నేర్పుతున్నారు.

వరద వచ్చిన ఆ వారం క్లాసులు లేవు. అయినా శిష్యుల్లో కుసుమ ఒక్కతే గొడుగేసుకుని వచ్చింది. మాస్టారిచ్చిన లెక్క ఒకటి ఆమెని పట్టుకుని వదలడం లేదు. గుంపుల లోపల గుంపులుగా ఉన్న వివరాల్ని ఒకే వరుసగా నడిపించి, ఒక్కొక్కటీ పరిశీలించాలి. అందుకు ఇటరేటర్ వాడమన్నారాయన. ఇటరేటర్ అంటే, "తర్వాతది ఇవ్వు" అని అడిగినప్పుడల్లా ఒక్కదాన్నే చేతికిచ్చేది. మొత్తం ఎంతుందో చెప్పదు, చూపించదు. కుసుమకి అదే మింగుడుపడలేదు. ఆమె గుంపులన్నిటినీ విప్పి ఒక పెద్ద పట్టికలో కుమ్మరించి, అప్పుడు పని మొదలుపెట్టింది. జవాబు సరిగ్గానే వచ్చింది. మాస్టారు మాత్రం దాన్ని చూసి ఊరుకున్నారు.

"మొత్తం ముందే కళ్ళెదుట పరుచుకుంటే తప్పేంటండీ? చివర కనపడని వరుసని నమ్మి పని ఎలా మొదలుపెడతాం?" అని అడిగింది.

ఆయన కళ్ళజోడు తీశారు. తుడవడం ఇంకా కాలేదు, మెట్ల మీద తడి కాళ్ళ చప్పుడు వినిపించింది.

వచ్చినవాడి పేరు వీర్రాజు. గోదావరి మధ్య లంకలో పాడి చేసుకునే మనిషి. లుంగీ మోకాళ్ళ దాకా బురద. "పొద్దున్న అందర్నీ పడవల్లో తెచ్చేశారండి. మాయమ్మ ముందు పడవెక్కేసింది. నేను గొడ్లని గట్టు మీదకి తోలి వెనకాల వచ్చానండి. ఆవిణ్ణి ఏ శిబిరంలో దింపారో ఎవరూ చెప్పట్లేదు. మూర్ఛలొస్తాయండి ఆవిడికి. బిళ్ళలు చూస్తే నా జేబులో ఉండిపోయాయి. మైకులో పిలిపిద్దామంటే చెవులు వినపడవు. కంప్యూటర్లో చూస్తే తెలుస్తుందని కింద కొట్టాయన పంపారండి."

కుసుమ అప్పటికే ల్యాప్‌టాప్ ముందుకి లాక్కుంది. "అన్ని శిబిరాల వాళ్ళ పేర్లూ తెప్పించి ఒక్కచోట పెడదామండీ. ఆ తర్వాత వెతకడం క్షణం పని" అంది. వరసగా ఫోన్లు చేసింది. ఒకచోట పేర్లు ఇంకా రాస్తున్నామన్నారు. ఇంకోచోట పడవలు వస్తూనే ఉన్నాయి, సాయంత్రం అడగమన్నారు. మరోచోట ఎవరూ ఎత్తలేదు. వీర్రాజు జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. లోపల బిళ్ళల అట్ట చిటపటమంటోంది.

మాస్టారు లేచి చెప్పులేసుకున్నారు. "పద" అన్నారు.

మొదట దగ్గర్లో ఉన్న హైస్కూలు శిబిరానికి వెళ్ళారు. గుమ్మం దగ్గర మాస్టారు ముందు నిలబడి దారి చేస్తారు. వీర్రాజు ఒక్కొక్కరి మొహంలోకీ చూసి, "తర్వాతండీ?" అంటాడు. గదిలో మనిషుంటే ఆ మనిషి దగ్గరికి, గది అయిపోతే పక్క గదికి మాస్టారు అతన్ని నడిపిస్తారు. ఏ గది ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో వీర్రాజుకి పట్టలేదు. అతనికి ఒక మొహం తర్వాత ఇంకో మొహం, అంతే. దుప్పట్లలో ముడుచుకున్న పిల్లలు, బాలింత, తడిసిన కోడిపుంజుని ఒళ్ళో పెట్టుకున్న ముసలాయన.

వరండా మలుపు తిరిగాక ఒక గదిలో ఎవరూ లేరు. బల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, కిటికీలోంచి జల్లు కొడుతోంది. కుసుమ వెనక్కి తిరిగింది. "అయిపోయిందండీ. ఇక్కడ ఇంక ఎవరూ లేరు."

"గది అయిపోయింది," అన్నారు మాస్టారు. "బడి అయిపోయిందా?"

మధ్యలో ఒక ఖాళీ గుంపు ఎదురైతే ఇటరేటర్ ఏం చెయ్యాలో కుసుమ ఎన్నడూ ఆలోచించలేదు. ఆ గది అవతల ఇంకో మూడు గదులున్నాయి, మూడూ కిటకిటలాడుతున్నాయి. లంక వాళ్ళు కొందరు అక్కడే కనిపించారు గానీ వాళ్ళలో వీర్రాజు తల్లి లేదు.

బడి అంతా చూశాక వీధి దాటి కల్యాణ మండపం శిబిరంలోకి వెళ్ళారు. హాల్లో లేదు. పెళ్ళికూతురి గదికి తాళం. వీర్రాజు మొహం వాడిపోయింది, ఈసారి "తర్వాత" అని కూడా అడగలేకపోయాడు. మాస్టారే అతని భుజం మీద చెయ్యేసి వెనక వంటశాల వైపు నడిపించారు.

అక్కడ పెద్ద గోంగూర కుప్ప ముందు కూర్చుని, నలుగురు ఆడవాళ్ళతో పాటు ఆకు వలుస్తోంది వీర్రాజు తల్లి సూరమ్మ. కొడుకుని చూడగానే, వినపడని వాళ్ళు మాట్లాడేంత గట్టిగా, "గొడ్లేవిరా?" అని అరిచింది.

వీర్రాజు గట్టు మీదున్నాయని చేత్తో సైగ చేశాడు. తర్వాత అట్ట చింపి బిళ్ళ తీసి ఆమె నోట్లో వేశాడు. ఎవరో గ్లాసుతో నీళ్ళందించారు. మింగేసి ఆమె మళ్ళీ ఆకు వలుచుకుంటూ కూర్చుంది. కొడుకు మాత్రం ఆ కుప్ప పక్కనే నేల మీద చతికిలబడి, చాలాసేపు లేవలేదు.

బయట వాన తెరిపిచ్చింది. మాస్టారూ కుసుమా తిరిగొస్తుంటే కాలేజీ శిబిరం గేటు కనిపించింది, దాని అవతల మార్కెట్ యార్డు శిబిరం. లోపల ఎవరున్నారో వెతికిన ముగ్గురిలో ఎవరూ చూడలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు. అయినా కుసుమ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు.

"ఆవిడ చిట్టచివరి శిబిరంలో, చిట్టచివరి గదిలో ఉండి ఉంటే? అప్పుడు ఎలాగూ అందర్నీ చూడాల్సి వచ్చేది కదండీ. మీ పద్ధతికీ నా పద్ధతికీ తేడా ఏముంది?"

మాస్టారు ఒక నీటి గుంట దాటి, ఆమె దాటేదాకా ఆగారు.

"అందర్నీ చూసేవాళ్ళమేనమ్మా," అన్నారు. "అయితే పేర్లన్నీ పోగయ్యేదాకా ఆగకుండా, ఒక్కసారికి ఒక్క మొహమే."